నిజాంపేట రోడ్డులో బోర్డు కొత్తది, వంటిల్లు పాతదే: ముందే డబ్బు కట్టే కార్డులతో జాగ్రత్త

హైదరాబాదులో నిజాంపేట, ప్రగతినగర్ మధ్య ఈమధ్య వరసగా తెరుచుకుంటున్న రెస్టారెంట్లలో ఎక్కడైనా "ఫ్యామిలీ కార్డు" అనో "ప్రివిలేజ్ కార్డు" అనో చెప్పి ముందే డబ్బు కట్టమని అడిగితే దయచేసి కట్టకండి. మొదట నాటుకోడి, రాగిసంకటి అంటూ తెరిచి, మధ్యలో కొన్నాళ్లు పరదా కట్టుకుని, ఇప్పుడు అరబ్బుల మాంసాహార వంటకం మండీ పేరుతో బోర్డు తగిలించుకున్న ఆ రెండంతస్తుల రెస్టారెంటు గురించే చెబుతున్నానని ఈ చుట్టుపక్కల ఉండేవారికి విడిగా చెప్పనక్కరలేదు. పేరు రాయడం లేదు. రాసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే మీరు వెళ్లేసరికి ఆ పేరు అక్కడ ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.

ఆరు వేలు కడితే ఏడాదిలోపు ఎనిమిది వేల రూపాయల భోజనం చేయవచ్చన్నది పథకం. ప్రారంభించిన కొత్తలో మేనేజరు ప్రతి టేబులు దగ్గరికీ వచ్చి, మా అత్తగారికి తన చేత్తోనే ఉలవచారు వడ్డించి, "అమ్మా, ఇది మీ ఇల్లే అనుకోండి" అని, నావైపు తిరిగి, "అన్నా, మీ అపార్ట్‌మెంటులో సగంమంది తీసుకున్నారు, మీరే ఆలస్యం" అన్నాడు. కౌంటరు మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు కట్టాను. బిల్లు అడిగితే కార్డే బిల్లన్నారు. ఆ తర్వాత పరదా కట్టేనాటికి కార్డులో 5,150 రూపాయలు మిగిలాయి.

మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ వెళ్లాము. బోర్డు మారింది కానీ మెట్ల పక్కన చేపల తొట్టి, ఆ కుర్చీలు, వడ్డించే కుర్రవాళ్లు అన్నీ పాతవే. తిండి సంగతి చెప్పాలంటే మటన్ మండీలో అన్నం బాగుంది, ముక్కే ఉడకలేదు, కానీ నా గొడవ దాని గురించి కాదు. బిల్లింగు దగ్గర కూర్చున్న అమ్మాయి మొబైల్ నంబరు అడిగింది. నేను చెప్పిన పది అంకెలూ కొట్టగానే, నా పేరు నేను చెప్పకముందే, తెర మీద చూసి చదివింది. పాత ఖాతా అలాగే ఉందన్నమాట అని నిశ్చింతగా కార్డు తీసి ఇచ్చాను. ఆ అమ్మాయి కార్డు కేసి చూసి, నాకేసి చూసి, మేనేజరును పిలిచింది.

వచ్చింది అతనే. ఉలవచారు వడ్డించిన మనిషే. కార్డును చేత్తో ముట్టుకోనైనా ముట్టుకోకుండా, "ఇది పాత మేనేజ్‌మెంటుది సార్, మాకు సంబంధం లేదు" అన్నాడు. మీరే కదా అమ్మారు అంటే, అప్పుడు వాళ్ల దగ్గర పని చేశాననీ ఇప్పుడు వీళ్ల దగ్గర చేస్తున్నాననీ జవాబిచ్చాడు. మరి నా పేరు మీ కంప్యూటర్లోకి ఎలా వచ్చిందని అడిగితే, "సాఫ్ట్‌వేర్ పాతదే సార్, ఫర్నిచరుతోపాటు వచ్చింది" అన్నాడు. అంటే వంటిల్లు వచ్చింది, చేపల తొట్టి వచ్చింది, నా ఫోన్ నంబరు కూడా వచ్చింది, నేను కట్టిన డబ్బు ఒక్కటే దారిలో ఎక్కడో దిగిపోయిందన్నమాట.

ఇంతవరకూ అయితే వ్యాపారంలో ఇలాంటివి మామూలే అని ఊరుకునేవాణ్నేమో. ఓనరు ఎవరో చెప్పండి, ఆయనతోనే మాట్లాడుకుంటాను అన్నందుకు అతను నాకు జవాబివ్వలేదు. పక్కన పళ్లేలు తీస్తున్న కుర్రవాడి వైపు తిరిగి, నాలుగు టేబుళ్లకు వినిపించేటట్టుగా, "ఆఫర్ కార్డుల మీద తినేవాళ్లతో ఇదే గోలరా, బిల్లు కట్టాలంటే ప్రాణం మీదికొస్తుంది" అన్నాడు. ఆరు వేలు ముందే కట్టినవాణ్ని నేను, బిల్లు ఎగ్గొట్టేవాణ్నీ నేనే. మా అత్తగారు ఒక్క మాటా మాట్లాడకుండా తన పర్సు తెరిచి ఐదువందల నోట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అల్లుడి పరువు కాపాడటానికి ఆ వయసు మనిషి కౌంటరు ముందు నిలబడి నోట్లు లెక్కించవలసి వచ్చిందన్న మాట తలుచుకుంటే, ఇది రాస్తున్న ఈ క్షణంలో కూడా ఒళ్లు మండుతోంది. ఆవిణ్ని ఆపి ఫోన్ తీశాను.

అప్పుడు చూశాను బిల్లును. భోజనానికి 2,860 రూపాయలు, దాని మీద పది శాతం సర్వీసు ఛార్జీ 286, ఆ రెండూ కలిపిన మొత్తం మీద ఐదు శాతం జీఎస్టీ, వెరసి 3,303 రూపాయల 30 పైసలు. అవమానానికి కూడా సర్వీసు ఛార్జీ వేస్తారని నాకు అంతకుముందు తెలియదు. బిల్లులో సర్వీసు ఛార్జీని తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకు వెళితే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇదంతా చెప్పనక్కర కూడా లేకపోయింది. వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోన్ చేస్తాననగానే ఇంకో బిల్లు వచ్చింది, 3,003 రూపాయలకు. తీసేయాలని వారికి ముందే తెలుసన్నమాట. అడగనివారి దగ్గర మాత్రం తీసుకుంటూనే ఉన్నారు.

అసలు సంగతి ఇంటికి వచ్చాక బయటపడింది. కాగితపు బిల్లు అయితే ఈపాటికి అక్షరాలు వెలిసిపోయి ఉండేది కానీ, పాత రెస్టారెంటు వారు బిల్లును వాట్సాప్‌లో పంపేవారు. దాన్నీ, మొన్నటి బిల్లునూ పక్కపక్కన పెట్టి చూస్తే పైన పేర్లు వేరు, కింద జీఎస్టీ నంబరు మాత్రం పదిహేను అక్షరాలూ ఒక్కటే. ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36. ఆ తర్వాతి పది అక్షరాలు వ్యాపారం ఎవరిదో వారి పాన్ నంబరు. వ్యాపారాన్ని నిజంగా వేరొకరు కొనుక్కుని ఉంటే వారి పాన్ మీద కొత్త రిజిస్ట్రేషను ఉండాలి. ఒకవేళ అది కంపెనీ అయి, లోపల వాటాలు చేతులు మారాయన్నా, బాకీ ఆ కంపెనీదే అవుతుంది కానీ గాలికి పోదు. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు కూడా రెండు బిల్లుల మీదా ఒకటే. 2022 జనవరి నుంచి దాన్ని బిల్లు మీద వేయడం తప్పనిసరి చేశారు కాబట్టి పాపం వేయక తప్పలేదు. వీటన్నిటికీ మించి, కార్డు కొన్ననాడు నా ఫోనులో డబ్బు ఎవరికి చేరిందని కనిపించిందో, మొన్న బిల్లు కట్టినప్పుడూ అదే పేరు కనిపించింది. "పాత మేనేజ్‌మెంటు", "కొత్త మేనేజ్‌మెంటు" ఒకే బ్యాంకు ఖాతాలో ఎంత ఐకమత్యంగా కాపురం చేస్తున్నాయో చూడండి.

పథకం అర్థమయ్యాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ రోడ్డులో అద్దె అడ్వాన్సులు, లోపలి అలంకరణ, రీల్స్ చేసేవాళ్లకు ఇచ్చే డబ్బు, ఇవన్నీ బిర్యానీ అమ్మి వెనక్కి రావాలంటే చాలాకాలం పడుతుంది. కార్డులు అమ్మితే మొదటి నెలలోనే చేతికి వస్తుంది. అది మనం కాగితం కూడా రాయించుకోకుండా ఇచ్చే వడ్డీలేని అప్పు. బ్యాంకు వారు ఇంటి అప్పుకు నా చేత ఎన్ని సంతకాలు పెట్టించుకున్నారో లెక్కలేదు. నేను మాత్రం ఒక గిన్నెడు ఉలవచారు హామీగా ఆరు వేలు ఇచ్చిన ధర్మదాతను. పైగా ఒక దుకాణం తన దగ్గర మాత్రమే వాడుకునేలా అమ్మే ఇలాంటి కార్డులకు రిజర్వు బ్యాంకు అనుమతి అవసరం లేదు. కాబట్టి ఎవరెన్ని అమ్మారో, ఆ డబ్బు ఏమైందో అక్కడ అడిగేవారు లేరు.

చేయవలసినవి కొన్ని చెబుతాను. కొత్తగా తెరిచినచోట ఆ పూట తిన్నదానికి మించి ఒక్క రూపాయి ఇవ్వకండి. ఫంక్షనుకు అడ్వాన్సు తప్పదంటే జీఎస్టీ నంబరు ఉన్న రసీదు తీసుకోండి. జీఎస్టీ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే, లాగిన్ అక్కరలేకుండానే, చట్టబద్ధమైన పేరు, రిజిస్ట్రేషను తేదీ కనిపిస్తాయి. అక్కడ "కాంపొజిషన్" (చిన్న వ్యాపారులు తమ అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తామే కట్టే పద్ధతి) అని ఉంటే వారు మీ దగ్గర విడిగా జీఎస్టీ వసూలు చేయనే కూడదు, అదీ చూసుకోండి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళతాను. ఐదు లక్షల రూపాయల లోపు చెల్లింపుల వివాదానికి అక్కడ ఫీజు లేదు, ఆన్‌లైనులోనే వేయవచ్చు, గడువు రెండేళ్లు. ఒకే రకంగా నష్టపోయినవారు కమిషను అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేయడానికి 2019 చట్టంలో వీలుంది. మా అపార్ట్‌మెంటులో సగంమంది తీసుకున్నారని మేనేజరు చెప్పినది నిజమే అయితే, ఆ సగంమందీ నాకు కావాలి. కార్డుకు రెండు వైపులా ఫొటోలు, డబ్బు కట్టిన రోజు యూపీఐ స్క్రీన్‌షాట్, పాత పేరుతో వచ్చిన బిల్లు ఒక్కటైనా వెతికి పెట్టుకుని, ఈ ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు మా సి బ్లాకు కింద కలవండి.