ఒంటరి తల్లికి ఏది నయం: ఊళ్లో ఇందిరమ్మ ఇల్లా, పట్నంలో అద్దె పోర్షనా?

తెలంగాణలో సొంత జాగా ఉన్న ఒంటరి తల్లి ఇందిరమ్మ ఇళ్ల పథకానికి ఎంపికైతే ఇల్లు కట్టుకోవడానికి విడతలుగా 5 లక్షలు వస్తాయి, ఇల్లు కూడా ఆమె పేరు మీదే ఉంటుంది. చిక్కల్లా మొదట్లోనే. బేస్‌మెంట్, అంటే పునాది మీద నేల ఎత్తు దాకా కట్టే భాగం, పూర్తయ్యాకే తొలి విడత లక్ష పడుతుంది. అందాకా కంకర, సిమెంటు, మేస్త్రీ కూలీ తన చేతి నుంచే పెట్టుకోవాలి. విస్తీర్ణం 400 నుంచి 600 చదరపు అడుగుల మధ్యే ఉండాలి. 'ఇంకో గది వేసేద్దాం' అన్న మేస్త్రీ మాట వింటే కొలతల దగ్గర విడత డబ్బు ఆగిపోతుంది. స్లాబ్ వేశాక మళ్లు కట్టి కనీసం రెండు వారాలు నీళ్లు నిలపాలి. పొద్దున్నే పనికెళ్లే మనిషికి ఆ నీళ్లు పట్టేదెవరు? తడి ఆరితే పగుళ్లు, వానాకాలంలో ఉరుపు. పైగా ఇల్లు లేచేదాకా అద్దె తప్పదు.

అద్దె పోర్షన్‌కు అడ్వాన్సు ఉంటే చాలు, బడి, పని దగ్గర. కానీ కరెంటు మీటరు చూడకుండా దిగొద్దు. గృహజ్యోతి పథకంలో తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు సున్నా, అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. మూడు పోర్షన్లకు ఒకటే మీటరైతే మొత్తం వాడకం 200 దాటి ఆ లాభం పోతుంది. అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకే రాస్తారు. అద్దె ఎంత పెంచుతారో, ఖాళీకి ఎన్నాళ్ల ముందు చెప్పాలో అందులోనే రాయించుకోవాలి. నోటిమాట నిలవదు.

పిల్లలు చిన్నవాళ్లై, ఊళ్లో అమ్మానాన్నల ఆసరా లేకపోతే ముందు అద్దెకే మా ఓటు. బేస్‌మెంట్ డబ్బు, నీళ్లు పట్టే మనిషి రెండూ ఉంటే మాత్రం జాగా వదలొద్దు.