చెట్టెక్కి కోసే పని: ముందు కోర్సా, ముందు నేలపనా?

చెట్లెక్కి కొమ్మలు కోసే పనిలోకి రావాలనుకునే కుర్రాళ్లకు రెండు దారులు. ముందే శిక్షణ కోర్సు చేసి రావడం ఒకటి. నేరుగా ఒక బృందంలో చేరి, కింద నేలపని చేస్తూ నేర్చుకోవడం ఇంకొకటి.

కోర్సులో ‘ఎందుకు’ అన్నదానికి జవాబు దొరుకుతుంది. కొమ్మ మానుకు అతుక్కున్నచోట ఉంగరంలా ఉబ్బి ఉంటుంది చూడండి, దాన్ని కోయకూడదు. చెట్టు గాయం మన చర్మంలా మానదు. కుళ్లు పాకకుండా చెట్టు ఆ గాయం చుట్టూ లోపల గోడ కట్టుకుంటుంది. అమెరికా చెట్ల శాస్త్రవేత్త అలెక్స్ షైగో 1977లోనే దీన్ని వివరించాడు. అయినా ఆ ఉబ్బుతో సహా మానుకు సమంగా, నున్నగా కోసేసేవాళ్లు ఇంకా ఉన్నారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్ల దగ్గర చేరితే తప్పే అలవాటైపోతుంది.

నేలపనిలో మొదటి రోజు నుంచే కూలి వస్తుంది, సరే. అసలు లాభం చేతికి అందే అనుభవం. బరువైన కొమ్మను మానుకు అడుగు దూరంలో ముందు కిందినుంచి కొంత కోసి, ఇంకాస్త బయటికి జరిగి పైనుంచి కోయాలి. లేకపోతే బెరడు మాను వెంట చీలిపోతుంది. పాఠంలో ఇది రెండు ముక్కలే. కొమ్మకు కట్టిన తాడును కింద పట్టుకున్నప్పుడు, తెగిన కొమ్మ బరువు ఒక్కసారిగా అరచేతుల్లోకి దిగితే మాత్రం జన్మలో మరిచిపోరు.

నన్నడిగితే ముందు కొన్ని నెలలు నేలపని, ఆ తర్వాత కోర్సు. ఒక్క షరతు: మోటారు రంపం ముట్టకముందే, తాడు మీద ఎక్కకముందే శిక్షణ పూర్తికావాలి. ‘ఏం కాదు, ఎక్కెయ్’ అనే మేస్త్రీ దగ్గర ఒక్కరోజు కూడా ఉండొద్దు.