అతికించే యాక్సిల్ బూట్: 14 నెలల్లో నేను చూసింది

ముందు చక్రం లోపలి వైపు నల్లగా గ్రీజు చిమ్మి ఉంటే వంగి చూశాను. బయటి యాక్సిల్ బూట్, అంటే చక్రం దగ్గరి జాయింట్‌లో గ్రీజు నిలిచేలా కప్పి ఉంచే మడతల రబ్బరు తొడుగు, ఒక మడత దగ్గర చిరిగింది. స్టీరింగ్ చివరిదాకా తిప్పి మెల్లగా నడిపితే టక్ టక్ శబ్దం రాలేదు కాబట్టి సీవీ జాయింట్ (చక్రం పక్కకు తిరిగినా షాఫ్ట్ దాన్ని తిప్పగలిగేలా చేసే కీలు) ఇంకా బాగానే ఉందని ధైర్యం వచ్చింది. ఆ శబ్దం అప్పటికే మొదలైతే కొత్త బూట్ వేసినా లాభం లేదు. మట్టి చేరి బాల్స్ దొర్లే గాడులు అరిగిపోయినట్టే.

షాఫ్ట్ విప్పే పని లేదు కదా అని, నిలువునా చీలిక ఉండి జిగురుతో అతికించే రకం కొన్నాను. మొదటిసారి అతుకు మూడు వారాలకే విడిపోయింది. గ్రీజు నింపిన చేతులతోనే అంచులు పట్టుకుని అతికించాను, అదే కారణం. వేలి ముద్రంత గ్రీజు అంటినా అక్కడ జిగురు పట్టదు.

రెండో బూట్‌కి సగం రోజు కేటాయించాను. పాత గ్రీజంతా గుడ్డతో తీసేసి, కొత్తది ముందుగా జాయింట్ లోపలికే వేళ్లతో నొక్కి నింపాను. తర్వాత గ్లౌజులు మార్చి, షాఫ్ట్‌నూ బూట్ అంచులనూ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక జిగురు రాశాను. చక్రాలు నేరుగా ఉంచి రాత్రంతా కారు కదపలేదు. ఆ బూట్ 14 నెలలు, సుమారు 17 వేల కిలోమీటర్లు నిలిచింది. చివరికి పెద్ద క్లాంప్ (బూట్ అంచును బిగించే పట్టీ) పక్కన అతుకు విచ్చుకుంది. నెలకోసారి చూసే అలవాటు వల్ల గ్రీజు బయటికి రాకముందే కనిపించింది.

ఈసారి అతుకు లేని బూటే వేశాను. ఇందులో అసలు కష్టం హబ్ నట్, అంటే షాఫ్ట్‌ను చక్రం మధ్య భాగానికి (హబ్‌కి) పట్టి ఉంచే పెద్ద నట్. కారు నేల మీద ఉండగానే ఒకరు బ్రేక్ తొక్కితే, పానాకి పొడవాటి పైపు తగిలించి వదులు చేయాలి. ఆ తర్వాతే జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకండి, దయచేసి. కింది బాల్ జాయింట్ (హబ్‌ను సస్పెన్షన్‌కి కలిపే కీలు) విడదీసి హబ్‌ను పక్కకు లాగాను. నా కారులో షాఫ్ట్ లోపలి కొస గేర్‌బాక్స్‌లోనే ఉండిపోయింది, ఆయిల్ కారలేదు. బయటి జాయింట్‌ను సర్క్లిప్ (జాయింట్‌ను షాఫ్ట్ మీద పట్టి ఉంచే స్ప్రింగ్ రింగు) పట్టు వదిలేలా సుత్తితో తట్టి తీసి, కడిగి, కిట్‌లో వచ్చిన మాలిబ్డినం గ్రీజు వాడాను. మామూలు గ్రీజు వద్దు. చిన్న క్లాంప్ బిగించే ముందు బూట్ అంచును కాస్త ఎత్తి లోపలి గాలి వదిలేయాలి, లేదంటే ఉబ్బిపోతుంది. నట్ కొత్తది వేసి, మాన్యువల్‌లో చెప్పినంత టార్క్‌తో బిగించాను. బ్రేక్ డిస్క్ మీద పడిన గ్రీజు తుడవడం మర్చిపోకండి.

రెండున్నరేళ్లు దాటింది. మడతల్లో ఒక్క పగులు లేదు, క్లాంపుల దగ్గర తడి లేదు. వెంటనే ప్రయాణం ఉండి, ఒక రోజు కారు ఆపలేని పరిస్థితి అయితే అతికించే రకాన్ని మళ్లీ వాడతాను, అదీ ఏడాదిలోపు మార్చేయాలని అనుకునే. మొన్న రెండో వైపు బూట్‌లో సన్నని పగుళ్లు కనిపించాయి. అది చిరిగేదాకా ఆగకుండా అతుకు లేని బూట్, కొత్త నట్, క్లాంపులు తెచ్చి పెట్టుకున్నాను.