డీఎస్సీ అభ్యర్థిపై చిన్న కేసు: జరిమానా, రాజీ, క్వాష్... ఏది మేలు?

ఊళ్లో కొట్లాట, పండగపూట పేకాట, రోడ్డు మీద ధర్నా, డ్రంక్ అండ్ డ్రైవ్. ర్యాంకు వచ్చి, పాత కేసుల వివరాలు అడిగే అటెస్టేషన్ ఫారం చేతికందిన రోజు గుండెలో రాయి పడేది ఇలాంటి కేసులతోనే. ఇవి ఉన్నంత మాత్రాన టీచరు ఉద్యోగం దానంతటదే పోదు. అయితే కేసు ఏమిటన్నదే కాదు, అది కోర్టులో ఎలా ముగిసిందో కూడా చూస్తారు. కాబట్టి తొందరగా వదిలించుకోవడం ఒక్కటే లెక్క కాకూడదు.

అందరూ ముందుగా ఇచ్చే సలహా ‘ఒప్పుకో, ఐదొందలు కట్టు, బయటపడు’. నేరం ఒప్పుకోవడం, రాజీ, క్వాష్ (కేసు కొట్టేయమని హైకోర్టును కోరడం), ట్రయల్ అనే నాలుగు దారుల్లో ఇదే అన్నింటికన్నా ఖరీదైనది. నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే కోర్టు దోషిగా తేల్చడమే. మొత్తం ఎంత చిన్నదైనా రికార్డులో అది కన్విక్షనే. ఒకసారి ఒప్పుకున్నాక, శిక్ష ఎక్కువైందనో చట్టప్రకారం లేదనో తప్ప అప్పీలుకు వీలుండదు. లోక్ అదాలత్‌లోనూ ఈ ఉచ్చు ఉంది. అక్కడ రాజీ కేసులతో పాటు పెట్టీ కేసులు, డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులు నేరం ఒప్పుకోవడం మీద కూడా ముగుస్తాయి. ‘లోక్ అదాలత్‌లో కేసు కొట్టేశారు’ అని ఇంటికి వచ్చినవాళ్లు ఆర్డరు కాపీ తీసి చూస్తే ‘నేరం ఒప్పుకున్నందున జరిమానా’ అని ఉండొచ్చు. సంతకం పెట్టేముందే అది రాజీయా, ఒప్పుకోలా అని అడగాలి.

రాజీకి వీలున్న కేసైతే అదే మేలు. పాత శిక్షాస్మృతి ఐపీసీలోని 323 (మామూలు దెబ్బలు; ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ 115(2)), 341 (అడ్డగించడం), 504 (రెచ్చగొట్టేలా అవమానించడం) లాంటివి బాధితుడు ఒప్పుకుంటే మేజిస్ట్రేటు ముందే రాజీ అవుతాయి. అలా రికార్డయిన రాజీకి నిర్దోషిగా విడుదలైనంత విలువ ఉంటుందని కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 359 (పాత సీఆర్‌పీసీ 320) చెబుతుంది. చిక్కు ఎక్కడంటే, దెబ్బలు తిన్నవాళ్లు ఇద్దరుంటే ఇద్దరూ రావాలి. ఫిర్యాదు ఇచ్చినాయన ఒక్కడి సంతకం చాలదు. చార్జిషీట్‌లో 324 (ప్రమాదకర ఆయుధంతో గాయపరచడం) కూడా చేరిస్తే మేజిస్ట్రేటు దగ్గర రాజీ కుదరదు. పేకాట, డ్రంక్ అండ్ డ్రైవ్ కేసుల్లో బాధితుడంటూ ఎవరూ లేరు కనుక రాజీ అన్న మాటే రాదు.

రాజీకి వీల్లేని సెక్షన్ ఉన్నా ఇరుపక్షాలూ సర్దుకుంటే హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేయొచ్చు (బీఎన్‌ఎస్‌ఎస్ 528, పాత 482). 2012లో జ్ఞాన్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని స్పష్టం చేసింది. వ్యక్తిగత గొడవలకు ఇది పనికొస్తుంది, డ్యూటీలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిని అడ్డుకున్నారన్న కేసులకు అంత తేలిక కాదు. ఖర్చు, సమయం రెండూ ఎక్కువే. క్వాష్ అయినా అరెస్టు జరగనట్టు కాదు. ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అని ఫారం అడిగితే అవుననే రాయాలి.

సాక్ష్యం బలహీనంగా ఉంటే ట్రయల్‌కే వెళ్లడం మంచిది. ఆలస్యమైనా దోషి ముద్ర పడకుండా బయటపడే వీలుంది. అయితే సాక్షులు అడ్డం తిరిగి ‘బెనిఫిట్ ఆఫ్ డౌట్’ (నేరం పూర్తిగా రుజువు కాలేదన్న అనుమానం) కింద వచ్చిన విడుదల వేరు, ఆరోపణే నిలబడలేదని వచ్చిన విడుదల వేరు. నియామక అధికారి ఈ తేడా చూస్తాడు.

సాక్ష్యం గట్టిగా ఉండి, రాజీకీ దారి లేకపోతే? అప్పుడు కూడా వట్టి జరిమానాకు తల వంచకుండా 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం గురించి లాయరును కదపాలి. రెండేళ్లకు మించని శిక్ష ఉన్న నేరమై, ఇంతకుముందు శిక్ష పడి ఉండకపోతే సెక్షన్ 3 కింద మందలించి వదిలేయమని కోర్టును కోరవచ్చు. ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత వర్తించదని అదే చట్టం సెక్షన్ 12 చెబుతుంది. దోషిత్వం చెరిగిపోదు, కానీ వాదించుకోవడానికి ఒక ఆధారం మిగులుతుంది. అడగాల్సింది తీర్పు వచ్చాక కాదు, ముందే.

ఇక చెప్పడమా, దాచడమా? ఇక్కడ తూకం వేయడానికి ఏమీ లేదు. కేంద్రీయ విద్యాలయ సంగఠన్‌లో ఒక పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) తనపై కేసు పెండింగ్‌లో ఉన్నా ఫారంలో ‘లేదు’ అని రాశాడు. కొట్లాట, బెదిరింపు సెక్షన్ల కేసది. తర్వాత ప్రభుత్వమే దాన్ని ఉపసంహరించుకుంది. ఇంగ్లీషు ప్రశ్న అర్థం కాలేదన్న ఆయన మాటను కోర్టు నమ్మలేదు, బీఈడీ, ఎంఈడీ చదివినవాడు కదా! 2003లో సుప్రీంకోర్టు ఆయన తొలగింపును సమర్థించింది. ఉద్యోగం పోయింది కేసు వల్ల కాదు, ‘లేదు’ అన్న ఒక్క మాట వల్ల.

2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన అవతార్ సింగ్ తీర్పు కొంత ఊరటనిచ్చింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిల్లర కేసును దాచినా అధికారి క్షమించవచ్చంది. నిజం చెప్పిన అభ్యర్థిని కూడా పూర్వాపరాలు చూసి తిరస్కరించే వీలుందని అదే తీర్పు చెప్పింది. క్షమించడం అధికారి ఇష్టం, అభ్యర్థి హక్కు కాదు. ఫారం అడగనిది చెప్పనక్కర్లేదని కూడా అందులోనే ఉంది. కాబట్టి ప్రశ్నను అక్షరం అక్షరం చదవాలి: అరెస్టు, ప్రాసిక్యూషన్, జరిమానా, పెండింగ్ కేసు వేర్వేరు. ఎన్నికల ముందు బైండోవర్ అయినవాళ్లు (గొడవ చేయబోమని అధికారి ముందు పూచీకత్తు రాసిచ్చినవాళ్లు) అది కేసు కాదనుకుని వదిలేస్తుంటారు. చాలా ఫారాల్లో దాన్నీ విడిగా అడుగుతారు.

పద్దెనిమిదేళ్లు నిండకముందు జరిగినదానిపై జువెనైల్ బోర్డు తేల్చిన కేసైతే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 24 ప్రకారం అది అనర్హత కాదు. ఈ దారులన్నీ చిల్లర కేసులకే. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) లాంటి కేసుకు ఇవేవీ పనికిరావు.

ఫారంలో క్రైం నంబరు, పోలీస్ స్టేషన్, కోర్టు ఇచ్చిన కేసు నంబరు (సీసీ లేదా ఎస్‌టీసీ), సెక్షన్లు, ముగిసిన తేదీ, ఎలా ముగిసిందీ రాసి, తీర్పు సర్టిఫైడ్ కాపీ జతచేయాలి. ఆ కాపీకి కోర్టులో ముందే దరఖాస్తు పెట్టుకోవాలి, ఫారం వచ్చాక పరిగెడితే చేతికి అందకపోవచ్చు. నంబరు గుర్తులేకపోతే ఈకోర్ట్స్ యాప్‌లో పేరుతో వెతకొచ్చు. ఫారం ఇచ్చాక కొత్త కేసు పడినా, పాతది తేలినా, అదీ రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోవాలి.