గులులో మా ఊరి బోరింగు

మొన్న జూన్‌లో పదహారు రోజులు ఉగాండాలో ఉండి వచ్చాను. సఫారీకని కాదు, చివర్లో రెండు రోజులు అదీ అయిందనుకోండి, అసలు పని మాత్రం గులు పట్టణానికి అవతల ఒక మిషన్ స్కూల్లో బోరింగులు బాగుచేయడం, వాన నీళ్ళకి ట్యాంకులు పెట్టడం. అమెరికాలో నేను ఎంఎస్ చదివే యూనివర్సిటీ నుంచి క్రైస్తవ విద్యార్థుల బృందం ఒకటి ఏటా ఇలా ఇంజనీరింగ్ పని మీద వెళ్తుంది. తొమ్మిది మందిమి, పైన ఒక ప్రొఫెసర్. ఇండియా వాణ్ణి నేనొక్కణ్ణే. ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మ ముందు ఎబోలా అంది, తర్వాత సింహాలంది, ఆఖరికి “అక్కడ అన్నం దొరుకుతుందా నాన్నా” అంది. దొరుకుతుంది. అంతకంటే మంచిదే దొరికింది, ఆ సంగతి తర్వాత.

మాది నరసరావుపేట దగ్గర పల్లె, లూథరన్ సంఘం. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన దగ్గర్నుంచి మాకు మిషన్ అంటే సముద్రం అవతల నుంచి వచ్చేదే, బడి అయినా ఆసుపత్రి అయినా. మా నాన్న పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలో. అలాంటి ఇంటి పిల్లాణ్ణి మిషన్ టీషర్టు తొడుక్కుని ఇంకో దేశానికి “సేవకి” పోతుంటే నాకే కాస్త విడ్డూరంగా ఉంది.

బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి తక్కువే. వీసా ఆన్‌లైన్‌లో, 50 డాలర్లు. ఎల్లో ఫీవర్ టీకా కార్డు తప్పనిసరి, ఎంటెబె విమానాశ్రయంలో పాస్‌పోర్టు కంటే ముందు అదే అడిగారు. మలేరియా మాత్రలు తిరిగొచ్చాక కూడా కొన్నాళ్ళు వేసుకోవాలి, మాలో ఒకతను మధ్యలో మానేసి ఇంటికెళ్ళాక జ్వరంతో పడ్డాడు. డాలర్లు పట్టుకెళ్తే పెద్ద నోట్లు, కొత్తవి పట్టుకెళ్ళండి, చిన్న నోట్లకీ పాత నోట్లకీ రేటు తగ్గించేస్తారు. సిమ్ముకి కంగారు లేదు, ఎయిర్‌టెల్ ఎర్ర బోర్డులు అక్కడ మన ఊళ్ళో కంటే ఎక్కువ. రోడ్డు మీద బోడాబోడాలు, అంటే బైకు టాక్సీలు, చాలావరకు బజాజ్ బాక్సర్లే. హెల్మెట్ ఇవ్వని బండి ఎక్కొద్దని మాకు రూలు, అందుకని ఎక్కింది రెండుసార్లే, ఆ రెండుసార్లూ దేవుడు గుర్తొచ్చాడు.

ఎంటెబెలో మొదటి రాత్రి విక్టోరియా సరస్సు పక్కన చిన్న గెస్ట్‌హౌస్. గది శుభ్రం, వేడినీళ్ళున్నాయి, దోమతెరకి చిల్లుల్లేవు, పొద్దున్నే అనాసపండు ముక్కలు పెట్టారు. ఇబ్బందల్లా సరస్సు పురుగులు. సాయంత్రం లైటు వేస్తే పొగలా కమ్మేస్తాయి, కుట్టవు కానీ చాయ్‌లో పడతాయి. దానికన్నా పెద్ద తలనొప్పి సామాను. నీళ్ళు పరీక్ష చేసే కిట్లున్న పెట్టె మాతో రాలేదు. విమానం కంపెనీ కౌంటర్‌లో రేపు వస్తుందన్నారు, ఆ రేపు ఐదో రోజు వచ్చింది. ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళు ముఖ్యమైన సామాను రెండు పెట్టెల్లో సగం సగం సర్దుకోండి, మేం తెలివిగా అన్నీ ఒకే పెట్టెలో పెట్టాం.

మేం దిగింది జూన్ 1న. ఆ తారీఖు ఎంచుకున్నవాళ్ళెవరికీ తట్టలేదు గానీ జూన్ 3 అక్కడ హతసాక్షుల పండగ. 1885, 1887 మధ్య బుగాండా (ఇప్పటి ఉగాండాలో ఒక భాగం) రాజు మ్వాంగా చంపించిన క్రైస్తవ యువకుల జ్ఞాపకంగా లక్షల మంది కంపాలా పక్కనున్న నముగొంగోకి వెళ్తారు, చాలామంది దేశం నలుమూలల నుంచి, పక్క దేశాల నుంచి కూడా రోజుల తరబడి నడిచే వస్తారు. గుణదల తిరనాళ్ళు చూసిన కళ్ళకి కూడా అది పెద్ద జనమే. కంపాలాలో గదులు దొరకలేదు, దొరికినవి రెట్టింపు. చివరికి నమిరెంబె కొండ మీద చర్చివాళ్ళు నడిపే అతిథిగృహంలో నలుగురికి ఒక గది సర్దారు. పాత మంచాలు, సన్నటి పరుపులు, కానీ వరండాలోంచి కంపాలా కొండలన్నీ కనిపిస్తాయి, ఒక కొండ మీద పెద్ద గుడి, ఇంకో కొండ మీద మసీదు. డబ్బులకి తగ్గ చోటు, మళ్ళీ వెళ్తే అక్కడే ఉంటాను.

ఆ కొండ మీద ఉన్నప్పుడే ప్రొఫెసర్ అలెగ్జాండర్ మెకాయ్ గురించి చెప్పాడు. స్కాట్లాండు ఇంజనీరు, 1878లో మిషన్ తరఫున బుగాండా చేరాడు, అంతకుముందు తీరం నుంచి లోపలికి బండ్ల దారి వేయించాడు, అచ్చుయంత్రం నడిపాడు, కమ్మరి పని, వడ్రంగి పని అన్నీ చేశాడు. “పనివాడైన తెల్లాయన” అని పేరు. 1876లో ఆఫ్రికాకి వచ్చిన దగ్గర్నుంచి 1890లో జ్వరంతో పోయే దాకా, దాదాపు పద్నాలుగేళ్ళు, ఒక్కసారి కూడా ఇంటికి వెళ్ళలేదు. మేం వచ్చింది పదహారు రోజులకి, అందులో రెండు సఫారీ. ఎవరూ పైకి అనలేదు, నాకైతే ఆ లెక్క బుర్రలోంచి పోలేదు.

కంపాలా నుంచి గులు 330 కిలోమీటర్ల పైమాటే. రోడ్డు బాగుంది, వ్యాను బాగాలేదు. మేం మాట్లాడుకున్న వ్యాను కంపెనీ స్టెప్నీ టైరు లేకుండా పంపింది, సంగతి టైరు పంచరయ్యాకే తెలిసింది. ఎండలో రెండు గంటలు కూర్చున్నాం, పైగా టైరు డబ్బులు మమ్మల్నే ఇమ్మన్నారు. డ్రైవరు మాత్రం బంగారం లాంటి మనిషి, ఆ రెండు గంటల్లో పక్క ఊరి నుంచి అందరికీ రోలెక్స్‌లు తెప్పించాడు. రోలెక్స్ అంటే గడియారం కాదు, చపాతీలో ఆమ్లెట్ చుట్టి ఇస్తారు. చపాతీని అక్కడ ఇండియాదని ఎవరూ అనుకోవడం లేదు, వాళ్ళదే అయిపోయింది. కరుమా దగ్గర నైలు నది వంతెన దాటుతుంటే కోతులు, బబూన్లు, అద్దాలు దించనివ్వరు. వంతెన మీద ఫోటోలు తీయొద్దని ముందే చెప్పారు, పోలీసులు ఊరుకోరట.

గులులో మా బస స్కూలు ఆవరణలోనే. సిమెంటు గది, రేకుల కప్పు, సోలార్ లైటు ఒకటి, బకెట్ స్నానం, దొడ్డి కాస్త దూరంగా. అమెరికా పిల్లలు మొదటి రెండు రోజులు ముఖాలు వేలాడేశారు, నాకు మాత్రం వేసవి సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్ళినట్టుంది. వాన పడితే రేకుల మీద మోతకి మాట వినపడదు. హోటల్ కావాలంటే గులులో మంచివి ఉన్నాయి, కానీ అందులో ఉంటే తెల్లారి ఏడింటికి పనిలో ఉండలేం.

ఇక తిండి. మూడో రోజు మధ్యాహ్నం వంటామె ఒక గిన్నె తెచ్చి పెట్టింది, ఆకుకూరలో వేరుశెనగ, నువ్వుల ముద్ద కలిపిన పులుసు. నోట్లో పెట్టుకుని ఆగిపోయాను. గోంగూర! వాళ్ళు మలక్వాంగ్ అంటారు, మన గోంగూర కుటుంబమే. ఆ ముద్దని ఓడీ అంటారు. పక్కన చిలగడదుంప పెట్టారు. ఇంకో పూట అదే కూరతో క్వోన్ కల్ అని రాగి సంకటి లాంటిది పెట్టారు, ముద్ద చేసి మధ్యలో వేలితో గుంట చేసి పులుసు ముంచుకోవడం మా ప్రొఫెసర్‌కి నేనే నేర్పించాను. నా పెట్టెలో గోంగూర పచ్చడి సీసా ఉంటే వంటామెకి చెంచాడు రుచి చూపించాను. ఆమె కళ్ళు మూసుకుని, తెరిచి, “ఉప్పెక్కువ” అంది.

అసలు పని దగ్గరికి వస్తాను. మొదటి రోజు స్కూలు వెనక బోరింగు దగ్గరికి తీసుకెళ్ళారు. పసుపుపచ్చ క్యాన్లు వరసగా, పిల్లలు, ఆడవాళ్ళు. ఇరవై సార్లు కొడితే గానీ చుక్క రావడం లేదు, వచ్చినా టీ రంగు. నేను చూస్తున్నది మాత్రం ఆ పంపుని. మా ఊరి రామాలయం ముందున్న బోరింగు అచ్చం ఇదే, ఆ పిడి, ఆ మూత, ఆ మోత. ఇండియా మార్క్ టూ. 1970ల్లో యూనిసెఫ్ సాయంతో మన దేశంలోనే దాన్ని తయారుచేశారు. దానికి మూలం కూడా మహారాష్ట్రలో జాల్నా, షోలాపూర్‌లలో మిషన్ మనుషులు చేసిన పంపులే. ఉగాండాలో దాన్ని యూ టూ అంటారు. ఇది మా దేశపు పంపు అని చెబితే అక్కడి మెకానిక్ నమ్మలేదు, యూ అంటే ఉగాండా కదా అన్నాడు.

ఈ మెకానిక్ గురించి రెండు మాటలు చెప్పాలి. యాభై దాటిన మనిషి, అందరూ లదిత్ అంటారు, అంటే పెద్దాయన. ఎల్‌ఆర్‌ఏ తిరుగుబాటుదారులతో ప్రభుత్వం యుద్ధం చేసిన రోజుల్లో జనాన్ని శిబిరాల్లోకి తోలినప్పుడు అక్కడి బోర్లు బాగుచేస్తూ పని నేర్చుకున్నాడట. జనం ఊళ్ళకి తిరిగొచ్చాక చూస్తే బోర్లన్నీ శిబిరాలున్న చోట మిగిలాయి, ఊళ్ళలో లేవు. ఇప్పుడు సైకిల్ మీద రెండు రెంచీలు, ఒక తాడు పెట్టుకుని చుట్టూ ఊళ్ళు తిరుగుతాడు. మేం అమెరికా నుంచి మోసుకెళ్ళిన పనిముట్ల పెట్టె తెరిచి చూసి, అందులోంచి ఒక్క గ్రీజు డబ్బా తీసుకున్నాడు.

పైపులు లాగడానికి ఒక రోజంతా పట్టింది. మూడేసి మీటర్ల జీఐ పైపులు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపులు, పద్నాలుగు. కింది నాలుగూ జల్లెడలా ఉన్నాయి, చేత్తో నొక్కితే పెళుసుగా విరిగాయి. కిట్లు వచ్చాక పీహెచ్ చూస్తే ఆరు కంటే తక్కువ, ఆమ్లం ఉన్న నీళ్ళు జింకు పూతని తినేస్తాయి, తర్వాత ఇనుముని. ఎరుపు అదే. ఈ గొడవ వల్లే 2016లో ఉగాండా ప్రభుత్వం బోర్లకి జీఐ పైపులు వాడొద్దని చెప్పింది. లదిత్‌కి పీహెచ్ అక్కర్లేదు, ఆ నీళ్ళతో టీ పెట్టి రంగు చూసి చెప్పేస్తాడు. స్టెయిన్‌లెస్ స్టీలు పైపులు కంపాలా నుంచి తెప్పించాం, సిలిండర్‌లో తోలు వాషర్లు మార్చాం, అంటే ఆయన మార్చాడు, మేం పట్టుకున్నాం. మధ్యాహ్నం నీడలో కూర్చున్నప్పుడు మీ విమానం టికెట్ ఎంత అని అడిగాడు. చెప్పాను. ఏమీ అనలేదు. పాత పైపు మీద సుద్దముక్కతో ఏదో లెక్క వేసుకుని, అరచేత్తో చెరిపేశాడు.

ట్యాంకుల దగ్గర మేం కాస్త పనికొచ్చాం. బడి కప్పు 30 మీటర్ల పొడవు, 8 వెడల్పు. ఒక మిల్లీమీటరు వానకి 240 లీటర్లు, పోయేది పోగా రెండు వందలు. 10,000 లీటర్ల ట్యాంకు నిండడానికి 50 మిల్లీమీటర్ల వాన చాలు, అక్కడ వానాకాలంలో అదెంతసేపు. చిక్కు ఎండాకాలంతో. 320 మంది పిల్లలకి తలా రెండు లీటర్లంటే ట్యాంకు పదిహేను రోజులకి ఖాళీ. డిసెంబరు నుంచి మార్చి దాకా వాన తక్కువ కాబట్టి ఆరు ట్యాంకులు పెట్టాలని ప్రొఫెసర్ బొమ్మ గీశాడు, డబ్బు రెండింటికే ఉంది. హెడ్మిస్ట్రెస్ బొమ్మ చూసి, డిసెంబరు, జనవరి మాకు సెలవులు కదా, ఫిబ్రవరి, మార్చిలోనే నీళ్ళు కావాలి, రెండు ట్యాంకులు చాలు, కుళాయిలకి తాళాలు పెట్టించండి అంది. ఆర్నెల్లు జూమ్ మీటింగుల్లో బడి సెలవులు ఎప్పుడని మాలో ఒక్కరూ అడగలేదు. తాళాలు పెట్టించాం. తొలకరి నీళ్ళు కప్పు మీది దుమ్ముతో పాటు పక్కకి పోవడానికి ఒక నిలువు పైపు పెట్టాం, ఆ వెల్డింగు మాత్రం మా వాళ్ళదే, బాగా కుదిరింది. దిమ్మె కట్టే దగ్గర మేస్త్రీ నన్ను రెండు గంటలు చూసి చాలా మర్యాదగా, నువ్వు నీళ్ళు మొయ్యి అన్నాడు.

పిల్లలు అమెరికా వాళ్ళని మూనూ, అంటే తెల్లవాళ్ళు, అని పిలిచేవాళ్ళు, నన్నేమో ముహిందీ, అంటే ఇండియా వాడు, అని. మీ షాపు ఎక్కడ అని ఒకడు రోజూ అడిగేవాడు. భారతీయులంటే వాళ్ళకి షాపువాళ్ళే, 1972లో అప్పటి నియంత ఈదీ అమీన్ వెళ్ళగొట్టినా తర్వాత తిరిగొచ్చిన వాళ్ళు ఉన్నారు. ఆదివారం ఆరాధన మూడు గంటలు, నన్ను లేపి పాట పాడమంటే తెలుగు కీర్తన పాడాను, రెండో చరణానికే వాళ్ళు అడుంగు అనే తీగల వాయిద్యం మీద వరస పట్టేసుకున్నారు.

సఫారీకి వెళ్ళిన మర్చిసన్ ఫాల్స్ జలపాతం గురించి క్లుప్తంగా. నైలు నది ఏడు మీటర్ల వెడల్పు రాతి సందులోంచి దూకుతుంది, పడవలో కింద నుంచీ చూడండి, పైకెక్కీ చూడండి. నీలం, నలుపు బట్టలు వద్దు, సెట్సీ ఈగలు వాటి మీదికే వస్తాయి, జీన్స్‌తో వెళ్ళి నేను అనుభవించాను. మా ట్రావెల్ ఏజెంటు పడవ డబ్బులు రెండుసార్లు తీసుకున్నాడు, రశీదు ఉంది కాబట్టి ఒకసారివి వెనక్కి వచ్చాయి. లాడ్జిలో గుడారాలు తీసుకున్నాం, రాత్రి నీటిగుర్రాలు పక్కనే గడ్డి పీకుతుంటే నిద్ర పట్టదు. నిద్ర కావాలంటే గది తీసుకోండి.

వచ్చి రెండు నెలలైంది. పోయిన వారం లదిత్ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. స్కూలు బోరు బాగానే ఉందట, పక్క ఊరి దానికి వాషర్లు పోయాయి, గులులో దొరికేవి నాసిరకం, “ఇది మీ దేశపు పంపు అన్నావుగా, అక్కడ వాషరు ఎంత?” నాన్నకి చెబితే మర్నాడే నరసరావుపేట వెళ్ళి హార్డ్‌వేర్ షాపులో అడిగాడు. ఈ రోజుల్లో బోరింగులెవరికి కావాలండీ, అందరూ సబ్‌మెర్సిబుల్ మోటార్లే కదా అని షాపాయన నవ్వి, మళ్ళీ గోడౌన్‌లోకి వెళ్ళి దుమ్ముపట్టిన పెట్టె ఒకటి తెచ్చాడట. కొరియర్ ఖర్చు వాషర్ల ధర కంటే ఎక్కువ. అయినా నాన్న పెట్టె మొత్తం కొనేసి, అడ్రసు పంపమని నా ప్రాణం తీస్తున్నాడు.