జరీ లేసు బండిల్ కొంటున్నారా? షాపులోనే విప్పి కొలవండి

కృష్ణాష్టమికి పిల్లల వేషాలు ఇంట్లోనే కుట్టుకునేవాళ్లు ఇది చదివి బజారుకి వెళ్లండి.

మా బాబుకీ, పక్కింటి కవలలకీ కలిపి మూడు కృష్ణుడి డ్రెస్సులు కుడదామని పోయిన శనివారం సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి వెళ్లాను. పంచె అంచుకి రెండున్నర మీటర్లు, కండువాకి రెండున్నర, నడికట్టుకి ఒకటి. అంటే డ్రెస్సుకి 6 మీటర్ల జరీ లేసు, మూడింటికి 18. ఒక సందులోని షాపతను 9 మీటర్ల బండిల్ అని రెండు చేతిలో పెట్టాడు. లెక్క భలే కుదిరిందని మురిసిపోయాను.

మిషన్ ముందు కూర్చుని విప్పితే తెలిసింది అసలు సంగతి. పై రెండు చుట్లు మాత్రం ధగధగా మెరుస్తున్నాయి. లోపలంతా నల్లబడిన లేసు, మధ్యమధ్యలో స్టేప్లర్ పిన్నులతో కలిపిన అతుకులు. చూసుకోకుండా కుట్టేస్తే ఆ పిన్ను పిల్లాడి నడుముకే గుచ్చుకునేది. టేపు పెట్టి కొలిస్తే ఒక్కోటి 7.25 మీటర్లే! లావుపాటి అట్ట గొట్టానికి చుట్టారు కాబట్టి బండిల్ నిండుగా కనిపించింది.

సోమవారం తీసుకెళ్తే "విప్పిన సరుకు వాపస్ తీసుకోమమ్మా" అన్నాడు. విప్పకుండా ఎలా తెలుస్తుందట? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెబుదామంటే, నా దగ్గరున్నది 'ఎస్టిమేట్' అని రాసిన తెల్ల చీటీ. దానిమీద షాపు పేరు కూడా లేదు. రద్దీలో బిల్లు అడగకపోవడం నా తప్పే. బండిల్ మీద కూడా పెన్నుతో రాసిన '9' తప్ప కంపెనీ పేరు, ధర ఏమీ లేవు. అలాంటిది కనిపిస్తే ముట్టుకోకండి.

అక్కడే కొన్న ఎర్ర శాటిన్‌ని తడి రుమాలుతో రుద్దితే రుమాలు గులాబీ రంగయింది. కాస్త చెమట పడితే చాలు, పీతాంబరం హోలీ పంచె అయ్యేది.

నెమలీకలు వేరేచోట బాగానే దొరికాయి. (అమెరికాలో ఉన్న మా ఆడపడుచు తనకూ పంపమంది. మన దేశం నుంచి అవి బయటికి పంపడం నిషేధం, కొరియర్ చేసి ఇరుక్కోకండి.)

ఇకమీదట మీటరుకి నాలుగు రూపాయలు ఎక్కువైనా మ్యాచింగ్ సెంటర్‌లో కళ్లముందు కొలిపించుకునే తీసుకుంటాను. తక్కువపడ్డ మూడున్నర మీటర్లకి మా అత్తగారి పాత పట్టుచీర అంచు కత్తిరించాను. ఆవిడకి ఇంకా చెప్పలేదు.