డార్క్ చాక్లెట్ తింటే బీపీ మాత్ర అక్కర్లేదని అమ్ముతున్నారు, జాగ్రత్త

రాజమండ్రిలో ఆ ఆర్గానిక్ షాపు నుంచి ఇప్పుడే ఇంటికొచ్చాను. పేరు రాయను. గానుగ నూనె కోసం, ముడి బియ్యం కోసం మనలో సగం మంది వెళ్లే షాపే కాబట్టి రాయకపోయినా మీకు తెలిసిపోతుంది. కౌంటర్ మీద నల్ల అట్టపెట్టెల్లో "గోదావరి కోకో, 70 శాతం డార్క్" అని పెట్టి అమ్ముతున్న చాక్లెట్ కొనకండి. ఇప్పటికే కొని ఇంట్లో పెద్దవాళ్లకి పెడుతుంటే, వాళ్లు బీపీ మాత్ర వేసుకుంటున్నారో లేదో ముందు అడగండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

మా నాన్నగారికి బీపీ ఏళ్లుగా ఉంది. షాపాయన 1,800 రూపాయల పెట్టె చేతిలో పెట్టి, "బాబాయ్ గారూ, రోజూ రెండు ముక్కలు తినండి, నెల తిరిగేసరికి మాత్రతో పనుండదు" అన్నాడట. ఈయన మాతో ఒక్క మాట కూడా అనకుండా మాత్ర మానేశారు. మొన్న రాత్రి తల దిమ్ముగా ఉందంటే ఆసుపత్రికి తీసుకెళ్లాం. పై బీపీ 180 దాటింది. మళ్లీ మాత్ర మొదలుపెట్టించారు, ఇప్పుడు కుదురుగానే ఉన్నారు.

మిగిలిన పెట్టె పట్టుకుని ఇవాళ అమ్మా నేనూ షాపుకి వెళ్లాం. పెట్టె వెనకాల పోషక విలువల స్టిక్కర్ ఒకటి అంటించి ఉంది, దాని అంచు కాస్త లేచింది. గోటితో పట్టి లాగితే కింద అసలు అచ్చు బయటపడింది. మొదట చక్కెర. తర్వాత హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్. ఆ తర్వాత కోకో సాలిడ్స్. ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలన్నది నియమం. అంటే నాన్నగారు మందు అనుకుని తిన్నది ముఖ్యంగా చక్కెర, డాల్డా లాంటి కొవ్వు. మూడో స్థానంలో ఉన్న కోకో 70 శాతం ఎలా అవుతుంది? అదే అడిగాను.

షాపాయన స్టిక్కర్ వంక చూడనైనా లేదు. "పెద్దాయన కదా, ఏదో తప్పు విని ఉంటారు. సగం పెట్టె తినేసి డబ్బులు వెనక్కి అడిగితే ఎలా?" అన్నాడు. అమ్మ ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "మీకు కోకో గురించి ఏం తెలుసమ్మా, ఊరికే గొడవ చెయ్యకండి" అన్నాడు. చుట్టూ అంతమంది కొనేవాళ్లు నిలబడి ఉండగా. డబ్బు పోయిందన్న బాధ కంటే ఆ మాటకే నాకు ఒళ్లు మండిపోతోంది.

మాది కోనసీమ. కొబ్బరి తోటలో అంతరపంటగా కోకో ఉంది. కాయలు కోసి, పగలగొట్టి, తెల్ల గుజ్జుతో ఉన్న గింజల్ని పోగు పెట్టి గోనె సంచులు కప్పుతాం. మధ్యమధ్యలో తిరగేస్తూ వారం దగ్గరగా పులియనివ్వాలి. ఆ పులిసిన వాసనలో, చేతులు జిగురు పట్టుకుపోతుండగా గింజలు తిరగేసింది మా అమ్మే. 2024 వేసవిలో కిలో వెయ్యి దాకా పలికిన ఎండు గింజలు మరుసటి ఏడాది సగానికి పడిపోయి, కొనేవాళ్ల కోసం ఎదురుచూసిందీ ఆవిడే. ఆవిడకి కోకో తెలియదట! మన గోదావరి పేరు పెట్టుకుని ఆ రకం సరుకు అమ్మేవాడికి తెలుసట!

ముక్క నోట్లో వేసుకున్నా తెలిసిపోతుంది. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అందుకే అసలు చాక్లెట్ నాలుక మీద పెట్టగానే జారిపోతుంది. దీన్ని ఈ ఎండలకి వేళ్ల మధ్య పట్టుకున్నా చేతికి అంటలేదు. నోట్లో కొవ్వొత్తి ముక్కలా అంగిలికి అతుక్కుంది. చేదు లేనే లేదు.

డార్క్ చాక్లెట్‌లో మంచి ఏమీ లేదని నేను అనట్లేదు. కోకోలో ఫ్లేవనాల్స్ ఉంటాయి, అవి రక్తనాళాలు సడలడానికి సాయపడతాయి. కానీ ఎంత? 2017లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్షా సంస్థ వాళ్లు కోకో మీద జరిగిన 35 పరీక్షలు కలిపి చూస్తే బీపీలో తగ్గుదల సగటున రెండు పాయింట్లలోపే. 180 ఉన్న మనిషికి అది మాత్రకి బదులు ఎలా అవుతుంది? అమెరికాలో 21 వేల మందికి పైగా పాల్గొన్న కాస్మోస్ అనే కోకో పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. అందులో గుండె జబ్బు మరణాలు 27 శాతం తగ్గాయి గానీ, గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. పైగా వాళ్లకి ఇచ్చింది రోజుకి 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ ఉన్న క్యాప్సూల్, చాక్లెట్ కాదు. గింజ పులియబెట్టినప్పుడు, వేయించినప్పుడు ఫ్లేవనాల్స్ తగ్గిపోతాయి. ఆల్కలీతో శుద్ధి చేస్తే ఇంకా పోతాయి. కాబట్టి నిజంగా 70 శాతం ఉన్న చాక్లెట్‌లో కూడా ఫ్లేవనాల్స్ ఎన్ని ఉన్నాయో ఆ అంకె చెప్పదు. వంద గ్రాముల్లో 600 కేలరీల దాకా ఉంటాయన్నది మాత్రం ఖాయం. ఇష్టమైతే చిన్న ముక్క తినండి. మందని చెప్పి అమ్మేవాడి దగ్గర మాత్రం కొనకండి.

కొనేముందు పెట్టె వెనక్కి తిప్పండి. మొదట చక్కెర, కోకో వెన్న ఉండాల్సిన చోట వెజిటబుల్ ఫ్యాట్ ఉంటే అక్కడే పెట్టేయండి. స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉంటే అసలు ముట్టుకోకండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. బిల్లు అడిగి తీసుకోండి.

నా దగ్గర బిల్లు ఉంది, స్టిక్కర్ తీసిన పెట్టె ఫొటోలు ఉన్నాయి. రేపు పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను, ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌కి కాగితం మీద ఫిర్యాదు కూడా ఇస్తాను. ఇదే పెట్టె కొన్నవాళ్లు పారేయకుండా బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటో తీసి నాకు పంపండి, అన్నీ కలిపి ఇస్తాను.